మంత్రాల ఆట మీద రివ్యూ రాస్తున్న చిన్నీకి

చిన్నీ,

నువ్వు పంపిన రివ్యూ చదివాను. కుకీల లెక్క పెంచుకుంటూ పోయే కుకీ క్లిక్కర్ ఆటలో మంత్రాల పుస్తకం (గ్రిమోయిర్) వట్టి మోసమనీ, గోల్డెన్ కుకీని (నొక్కితే బహుమతినిచ్చే బంగారు కుకీ) రప్పించే ‘ఫోర్స్ ద హ్యాండ్ ఆఫ్ ఫేట్’ మంత్రం వరుసగా మూడుసార్లు బెడిసికొట్టిందనీ, ఎవరూ దీని జోలికి పోవద్దనీ రాశావు. నీ కోపం తగ్గించుకోమని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. గేమ్ టెస్టింగ్‌లో ఇన్నేళ్లూ నా పని సగం ఆటగాళ్ల అభిప్రాయాలు చదవడమే. నీ కోపం అవతలివాళ్లకు పనికొచ్చేలా ఎలా రాయాలో నాకు తెలిసినంత చెప్తాను.

అన్నిటికన్నా ముందు, ఆటలో నువ్వు ఎంతవరకు వచ్చావో రాయి. మామూలు ఆటకు ఇది అంత ముఖ్యం కాదు, ఇలాంటి అంకెలు పెరిగే ఆటకు మాత్రం ఇదే ప్రాణం. మొదటి గంటలో కుకీ మీద క్లిక్ చేయడం, బామ్మల్నీ పొలాల్నీ కొనడం తప్ప ఏమీ ఉండదు. మొత్తం వంద కోట్ల కుకీలు చేశాకే షుగర్ లంప్‌లు (భవనాల స్థాయి పెంచే చక్కెర ముద్దలు) మొదలవుతాయి, ఒక్కొక్కటి పండటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఒక లంప్ విజార్డ్ టవర్ అనే భవనం మీద ఖర్చుపెడితేనే మంత్రాల పుస్తకం తెరుచుకుంటుంది. అంటే రెండు గంటలు ఆడి రివ్యూ రాసినవాళ్లు అసలు మంత్రమే చూసి ఉండరు. నువ్వు చూశావు, వేశావు, దెబ్బతిన్నావు. ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.

స్టీమ్‌లో (ఆటలు అమ్మే, రివ్యూలు పెట్టే సైట్) నీ పేరు పక్కన గంటలు ఎలాగూ కనిపిస్తాయి కదా అనుకోకు. ఆట తెరిచి ఉంచితే చాలు, నువ్వు నిద్రపోతున్నా ఆ లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఐదువందల గంటలు అని ఉన్నవాళ్లలో నిజంగా చేత్తో ఆడింది ఎంతో ఎవరికీ తెలియదు. అందుకే నువ్వే చెప్పు: రోజూ కాలేజీ నుంచి వచ్చాక కాసేపు ఆడేదాన్ని, మిగతా టైమంతా ల్యాప్‌టాప్‌లో దాని మానాన అది నడిచేది అని. (మీ అమ్మ కరెంటు బిల్లు గురించి నాకు ఫోన్ చేసింది, అది వేరే సంగతి.) దాంతోపాటు ఆట మూసేస్తే ఏమవుతుందో కూడా రాయి. ఇలాంటి ఆట కొనేవాళ్లు మొదట అడిగేది అదే. కుకీ క్లిక్కర్‌లో మొదట్లో మూసేస్తే ఏమీ రాదు. అసెన్షన్ చేసి (అంటే ఆటను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి), ‘ట్విన్ గేట్స్ ఆఫ్ ట్రాన్సెండెన్స్’ అనే అప్‌గ్రేడ్ కొన్నాకే మూసి ఉన్నప్పుడు కూడా కుకీలు వస్తాయి, అవీ మామూలు రేటులో 5 శాతంతో మొదలు.

ఇక ‘మోసం’ సంగతి. ఈ మాట వాడే ముందు లెక్క చూడు. ఆ మంత్రం బెడిసికొట్టే అవకాశం మామూలుగా 15 శాతం. వరుసగా మూడుసార్లు అంటే దాదాపు మూడువందల్లో ఒకసారి. ఇంతమంది ఆడే ఆటలో అది రోజూ ఎవరో ఒకరికి జరుగుతూనే ఉంటుంది. ఇంకో సంగతుంది. తెర మీద అప్పటికే గోల్డెన్ కుకీ ఉంటే, ఒక్కోదానికి ఇంకో 15 శాతం కలుస్తుంది. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో చూశాను, ఎడమవైపు మూలలో గోల్డెన్ కుకీ మెరుస్తూనే ఉంది, నువ్వు దాన్ని ముట్టుకోకుండా మంత్రం వేసేశావు. అప్పుడు 30 శాతం. మూడుసార్లూ అలాగే వేసి ఉంటే మూడు వైఫల్యాలు దాదాపు 37లో ఒకసారి వస్తాయి, వింతేమీ కాదు. ఆరితేరినవాళ్లు చేసేది వేరు: ముందు ఆ కుకీని నొక్కుతారు, అదృష్టం బాగుండి ఫ్రెంజీ వస్తే ఉత్పత్తి ఏడు రెట్లవుతుంది, అది 77 సెకన్లు ఉంటుంది, ఆ లోపల మంత్రం వేస్తారు. కాబట్టి ‘మోసం’ తీసెయ్. దాని బదులు ‘తెర మీద గోల్డెన్ కుకీ ఉంటే ప్రమాదం రెట్టింపవుతుందన్న సంగతి ఆడుతుండగా నా దృష్టికి రాలేదు’ అని రాయి. అది నిజం, కొత్తగా ఆడేవాళ్లకు అక్కరకొస్తుంది.

నీ రివ్యూలో అసలైన మాట చివర్లో ఒక్క ముక్కలో పడేశావు: ‘టవర్లు ఎన్ని కొన్నా మ్యాజిక్ నిండటం లేదు.’ చిన్నీ, రాయాల్సింది దీని గురించే! ఆ మంత్రానికి 10 మ్యాజిక్ (మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే శక్తి), దాని పైన నీ గరిష్ఠ మ్యాజిక్‌లో 60 శాతం ఖర్చవుతుంది. టవర్లు కొన్నకొద్దీ గరిష్ఠం పెరుగుతుంది, దాంతో మంత్రం ఖరీదూ పెరుగుతుంది. నిండే వేగం మాత్రం ఆ మేరకు పెరగదు. పైగా మ్యాజిక్ అడుగంటినప్పుడు నిండటం మరీ నెమ్మది, నిండుగా ఉన్నప్పుడు కాస్త త్వరగా నిండుతుంది. మధ్యమధ్యలో ‘కంజూర్ బేక్డ్ గూడ్స్’ లాంటి వేరే మంత్రాలు వేస్తూ పోతే ఎప్పుడూ అడుగునే ఉండిపోతావు. ఆట మొదటి నుంచీ ఎన్ని ఎక్కువ కొంటే అంత మంచిదని నేర్పి, ఇక్కడికొచ్చాక చెప్పాపెట్టకుండా ఆ పాఠం తిరగేస్తుంది. తెలిసినవాళ్లు కావాలనే టవర్లు అమ్ముకుని, గరిష్ఠం తగ్గించి, వెంటనే రెండో మంత్రం వేస్తారు. ఇది గొప్ప ఎత్తుగడ అని కొందరంటారు, కొత్తవాళ్లను గందరగోళంలో పెట్టడం అని కొందరంటారు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ నిజం. నువ్వెటు అనేది నువ్వు తేల్చుకో, కానీ ఈ వివరం మొత్తం రాయి.

నువ్వెలాంటి ఆటగత్తెవో కూడా ఒక వాక్యంలో చెప్పెయ్. మంత్రాల ఆటల మీద గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. చేత్తో సరైన క్షణంలో మంత్రం వేయడమే మజా అనేవాళ్లు కొందరు, దానంతట అదే నడిస్తే చాలనేవాళ్లు కొందరు. రియల్మ్ గ్రైండర్ అనే ఇలాంటి ఇంకో ఆటలో ఎల్ఫ్‌లు, గోబ్లిన్‌లు అంటూ ఒక్కో వర్గానికి ఒక్కో మంత్రం ఉంది, ముందుకు పోయాక వాటంతట అవే పడేలా పెట్టుకోవచ్చు. రెండో రకంవాళ్లకు అది స్వర్గం. వాళ్లొచ్చి నీ రివ్యూ చదివితే ఏ వైపు నుంచి మాట్లాడుతున్నావో తెలియాలి.

‘అడిక్టివ్’ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకు. రాత్రి రెండింటికి లేచి గోల్డెన్ కుకీ వచ్చిందేమో చూసుకున్నానని నాతో అన్నావు చూడు, అది రాయి. పొగడ్తో తెగడ్తో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

తయారుచేసినవాళ్లను తిట్టకు. ఓర్టీల్ అనే ఆయన 2013 ఆగస్టులో ఈ ఆటను బ్రౌజర్‌లో ఉచితంగా పెట్టాడు, 2021లో స్టీమ్‌కి తెచ్చాక కూడా ఆ ఉచితం అలాగే ఉంది. ఇది ఇలా మార్చండి అని సలహాలూ ఇవ్వకు. నా అనుభవంలో ఆటగాళ్లు చెప్పిన పరిష్కారాలకన్నా, ఎక్కడ విసుగొచ్చిందో ఎక్కడ ఆపేశారో రాసిన నాలుగు ముక్కలే మాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఇంకొకసారి మ్యాజిక్ పూర్తిగా నిండనిచ్చి, తెర మీద గోల్డెన్ కుకీ లేకుండా చూసి ఆ మంత్రం వేసి చూడు. తర్వాత తిరగరాసి నాకు పంపు, ఆదివారం లోపు చదివి చెప్తాను. అప్పటికీ వద్దనిపిస్తే ‘రికమెండ్ చేయను’ అనే పెట్టు, నాకేం అభ్యంతరం లేదు.

ప్రేమతో,
పిన్ని