మెట్రో మంచం నేనే చేయగలనా?

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్ళు. కాడుగోడిలో అద్దె ఫ్లాట్, బాల్కనీలోంచి పర్పుల్ లైన్ మెట్రో కనిపిస్తుంది, వాడు ముద్ద మింగాలంటే ఆ రైలు రావాల్సిందే. అందుకే వాడికి మెట్రో ఆకారంలో మంచం నేనే చేద్దామనుకుంటున్నా. డ్రిల్ మిషన్ ఉంది కానీ ఫొటోలు తగిలించడానికి తప్ప వాడలేదు. మావారేమో కారు మంచం చెయ్యి, బాగుంటుంది అంటారు, మామగారేమో ఆచారిని పిలిస్తే రెండ్రోజుల్లో అయ్యేదానికి నీకెందుకమ్మా అంటున్నారు. ఏ చెక్క కొనాలి? ఎలా మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చేయగలరమ్మా. కారు మాత్రం వద్దు, దానికన్నీ వంపులే, జిగ్‌సా (వంపులు కోసే రంపం మిషన్) అలవాటు లేని చేతికి చుక్కలు కనిపిస్తాయి. మెట్రో అంటే పెట్టె, అన్నీ నిటారు కోతలే, అదీ మీరు కోయక్కర్లేదు, చాలా ప్లైవుడ్ షాపుల్లో కొలతలిస్తే మిషన్ మీద కోసిస్తారు, మైసూర్ రోడ్ టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు వెళ్తే నాలుగు షాపులు తిరిగి బేరం కూడా ఆడుకోవచ్చు.

ముందు పరుపు కొనండి, తర్వాతే టేపు పట్టుకోండి. చిన్నపిల్లల సైజు వద్దు, రెండేళ్ళకే కాళ్ళు బయటికొస్తాయి, మామూలు సింగిల్ పరుపు 72×36 అంగుళాలు తీసుకుంటే హైస్కూల్ దాకా దిగుల్లేదు. దుప్పటి దోపడానికి నాలుగు వైపులా అరంగుళం వదిలితే మంచం లోపలి కొలత 73×37. ఈ ‘లోపలి’ అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మా అమ్మాయికి మంచం చేసినప్పుడు నేను బయటి కొలత వేసేసి ప్లై మందం మర్చిపోయా, రెండు వైపులా 18 ఎంఎం చొప్పున దగ్గర దగ్గర ఇంచున్నర తగ్గింది, పరుపు మధ్యలో అప్పడంలా పైకి లేచింది, మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంది.

18 ఎంఎం ప్లై, 8×4 అడుగుల షీట్ ఒక్కటి చాలు. పొడవులో 75 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక కోత వేయించండి. పెద్ద ముక్కలోంచి 10 అంగుళాల పట్టీలు రెండు, అవి పక్క చెక్కలు, ఇంకోటి 24 అంగుళాలది, అది మెట్రో ముఖం. మిగిలిన 21 అంగుళాల ముక్కలో తలవైపు, కాళ్ళవైపు చెక్కలు రెండూ వచ్చేస్తాయి. ప్లై మీద ఐఎస్ 303 ముద్ర (మామూలు ప్లైకి ఉండే భారతీయ ప్రమాణం), బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళని తట్టుకునే) గ్రేడ్ ఉంటే చాలు, ఐఎస్ 710 మెరైన్ ప్లై దాకా అక్కర్లేదు, మంచానికి రోజూ నీళ్ళు పోయం కదా. జిగురు వాసన తక్కువుండాలంటే ఈ0 (E0) గానీ ఈ1 (E1) గానీ అని అడగండి.

పక్క చెక్కల లోపలి వైపు పైన్ రీపరు (సన్నటి చెక్క బద్ద) జిగురూ స్క్రూలూ వేసి బిగించి, దాని మీద 3 అంగుళాల వెడల్పు పైన్ పట్టీలు 12 వరుసగా పరచండి, మధ్య సందు 3 అంగుళాలు దాటకూడదు. కింద నడిమధ్యలో పొడుగ్గా ఒక దూలం, దానికో కాలు. గాలాడకపోతే వర్షాకాలంలో పరుపు అడుగున బూజు పడుతుంది. స్క్రూ ఎక్కించే ముందు 3 ఎంఎం బిట్‌తో బెజ్జం వేసుకోండి, లేకపోతే పైన్ నిలువునా చీలుతుంది.

మూలల్లో మాత్రం జిగురు పూయకండి, చిన్న పైన్ దిమ్మెలు పెట్టి బోల్టులతో బిగించండి. అద్దె ఇల్లు అంటున్నారు, ఖాళీ చేసినప్పుడు విప్పి పట్టుకెళ్ళాలి.

ఇక మెట్రో. ఆ 24 అంగుళాల పలకని రెండు ముక్కలు చేసి తలవైపొకటి కాళ్ళవైపొకటి పక్క చెక్కకి బయట నుంచి బోల్టులు వేయండి, మధ్యలో ఇరవై అంగుళాలు ఖాళీ, అదే తలుపు, బాబు ఎక్కి దిగడానికి. పరుపు కంటే ఎంతో ఎత్తుంటుంది కాబట్టి నిద్రలో దొర్లి పడే భయం కూడా తక్కువ. కిటికీలు మాత్రం దయచేసి కోయకండి! నాలుగైదు అంగుళాల కంతల్లో పిల్లల ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది. పెయింట్‌తో వేయండి, వెండి రంగు, దాని మీద ఊదా చార, అచ్చం మన రైలే. రేపు వాడికి మెట్రో బోర్ కొట్టి ఏనుగు కావాలంటే ఆ రెండు పలకలే మార్చండి, మంచం మంచంలానే ఉంటుంది. రెండో వైపు గోడకి ఆనించేటప్పుడు మధ్యలో సందు ఉండకూడదు.

ఉప్పు కాగితం 80, 120, 220 నంబర్ల వరసలో పట్టి, అంచుల మీద అరచేత్తో తడిమి చూడండి, మీకు పేడు గుచ్చుకోకపోతే వాడికీ గుచ్చుకోదు. పెయింట్ నీళ్ళ బేస్‌ది, కొత్త డబ్బా. అటక మీద పాత డబ్బా ఉంది కదా అని తీయకండి, ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న రూలు 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది, అంతకుముందు డబ్బాల్లో ఎంతుందో ఎవరికెరుక, ఈ వయసు పిల్లలు అంచులు కొరుకుతారు. వాసన పూర్తిగా పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి, అందాకా మీ పక్కనే పడుకోబెట్టుకోండి.

మామగారిని కూడా కలుపుకోండి, మూలమట్టం పట్టుకుని మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని ఆయనకి అప్పజెప్పండి. నెలకోసారి బోల్టులు బిగించండి, మెట్రోలో గెంతకుండా కూర్చునే వయసు కాదు వాడిది.