డెంగీ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) వేస్తే ప్రోటీన్ అర్రే (ప్రోటీన్లను చుక్కలుగా ముద్రించిన స్లైడ్) మీద స్పాట్లన్నీ వెలుగుతున్నాయి. ఏ సీరోటైపో (డెంగీ వైరస్ నాలుగు రకాల్లో ఏదో) ఎలా తేల్చాలి?

మీరు నాలుగు డెంగీ సీరోటైపుల ప్రోటీన్లనూ ఈ.కోలై సెల్-ఫ్రీ పద్ధతిలో (బతికున్న కణాలు లేకుండా, ఈ.కోలై బ్యాక్టీరియా రసంలో డీఎన్ఏ వేసి) చేసి, నైట్రోసెల్యులోజ్ స్లైడ్ మీద ప్రింట్ చేశామన్నారు. సీరం 1:100లో వేస్తే దాదాపు అన్నీ పాజిటివ్ వచ్చాయన్నారు. ఇందులో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయండి. ఒకటి బెంచ్ మీద సరిచేసుకోగలిగేది, రెండోది వైరస్‌లోనే ఉన్నది.

ముందు బెంచ్ సంగతి. మనుషులందరి రక్తంలోనూ ఈ.కోలై మీద యాంటీబాడీలు ఉంటాయి. మీ స్పాట్‌లో వైరల్ ప్రోటీన్ కొంచెమే, ఈ.కోలై సరుకు బోలెడు. అందుకే సీరాన్ని స్లైడ్ మీద వేసేముందు, మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున ఈ.కోలై లైసేట్ (పగలగొట్టిన ఈ.కోలై కణాల రసం) కలిపిన బ్లాకింగ్ బఫర్‌లో (యాంటీబాడీలు ఎక్కడపడితే అక్కడ అంటకుండా ఆపే ద్రావణంలో) పలచన చేసి, గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు కదుపుతూ ఉంచండి. అది సరిపోయిందో లేదో డీఎన్ఏ వేయని రియాక్షన్ స్పాట్లు చెబుతాయి. ప్రతి ప్యాడ్‌లో (స్లైడ్ మీద ఒక్కో శాంపిల్ వేసే గడిలో) అలాంటివి కనీసం 8 ఉండాలి, అదీ ఒకే మూలన కాకుండా అక్కడక్కడా. అవి వెలుగుతున్నంతకాలం మిగతా స్పాట్ల అంకెలు చూడకండి. లైసేట్ పెంచండి, లేదా సీరం 1:200కి తగ్గించండి.

సీరం 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, 0.05 శాతం ట్వీన్ (డిటర్జెంట్) ఉన్న టీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో 5 నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. సెకండరీ యాంటీబాడీ (సీరంలోని యాంటీబాడీని పట్టుకుని మెరిసేది) గంటసేపు చాలు. మధ్యలో ఎక్కడా ప్యాడ్ ఆరకూడదు. ఆరిన అంచు స్కాన్‌లో నెలవంకలా మెరుస్తుంది, ఆ స్లైడ్ ఇక పనికిరాదు. స్పాట్లకు ఒకే వైపు తోకలు కనిపిస్తే, మొదటి బ్లాకింగ్‌లో అదనపు ప్రోటీన్ కొట్టుకొచ్చి పక్కనే అంటుకుందని అర్థం. అప్పుడు లోకల్ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకొచ్చి, నిజంగా బలమైన స్పాట్ కూడా నీరసంగా కనిపిస్తుంది.

సెకండరీ ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. ‘హెచ్+ఎల్’ (యాంటీబాడీ హెవీ, లైట్ చెయిన్లు రెంటినీ పట్టేది) అని రాసి ఉన్నది తీసుకోకండి. లైట్ చెయిన్లు ఐజీజీకీ ఐజీఎంకీ (రెండు రకాల యాంటీబాడీలకూ) ఉమ్మడివే. గామా చెయిన్‌కీ (ఐజీజీది) మ్యూ చెయిన్‌కీ (ఐజీఎందీ) విడివిడిగా పనిచేసేవి కావాలి. నైట్రోసెల్యులోజ్ పచ్చ ఛానల్‌లో తనంతట తానే మెరుస్తుంది కాబట్టి బలహీనంగా ఉండే ఐజీఎంను ఎరుపులో పెట్టండి. స్కానర్ విలువ 65,535 దగ్గర ఆగిపోయిన స్పాట్లకు అర్థం లేదు, గెయిన్ తగ్గించి రెండోసారి స్కాన్ చేయండి.

ఇక వైరస్ వైపు. ఎన్వలప్ ప్రోటీన్ (వైరస్ పైపొరలోది) రెండో డొమైన్‌లోని (భాగంలోని) ఫ్యూజన్ లూప్ ఫ్లావివైరస్‌లన్నిటిలోనూ (డెంగీ ఉన్న వైరస్ కుటుంబంలో) దాదాపు ఒకటే. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా వేసుకున్నవారి సీరం కూడా దాన్ని పట్టుకోగలదు. అందుకని పూర్తి ఎన్వలప్‌తో పాటు మూడో డొమైన్‌ను విడిగా ప్రింట్ చేయండి. సీరోటైపుల మధ్య తేడా అక్కడ ఎక్కువ, పైగా ఒక్క డైసల్ఫైడ్ బంధమే (ప్రోటీన్ ఆకారాన్ని పట్టి ఉంచే గంధకపు ముడి) కాబట్టి ఈ.కోలై ప్రోటీన్‌ను రీఫోల్డ్ చేసుకోవచ్చు (సరైన ఆకారంలోకి మళ్లీ మడవచ్చు). ఎన్ఎస్1 అనే మరో డెంగీ ప్రోటీన్‌కు మాత్రం అలా కుదరదు. దానికి ఆరు డైసల్ఫైడ్‌లు, రెండు గ్లైకోసైలేషన్ చోట్లు (చక్కెరలు అతుక్కునేవి) ఉన్నాయి. క్షీరద కణాల్లో చేసినది కొనడమే మంచిది.

నెగెటివ్ సీరం దొరకడం మన దగ్గర అసలు చిక్కు. 2017-18 జాతీయ సీరో సర్వేలో దేశం మొత్తమ్మీద 48.7 శాతం మందిలో డెంగీ ఐజీజీ కనిపించింది, దక్షిణాదిలో అది ఇంకా ఎక్కువ. ‘ఆరోగ్యంగా ఉన్న’ ల్యాబ్ సిబ్బంది సీరంతో సగటు + 3 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) కటాఫ్ (పాజిటివ్ అనడానికి హద్దు) పెడితే అది ఆకాశంలో ఉంటుంది. ముందుగా ఎలైసాలో (యాంటీబాడీలను చూసే మామూలు పరీక్షలో) డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ రెండూ నెగెటివ్ వచ్చినవే తీసుకోండి, చిన్న పిల్లల శాంపిళ్లలో అవి కాస్త ఎక్కువగా దొరుకుతాయి.

ఒక్క శాంపిల్‌తో తేల్చకండి. జ్వరం మొదటి వారంలో ఒకటి, మళ్లీ రెండు మూడు వారాలకు ఒకటి తీసి, రెండూ ఒకే స్లైడ్‌లోని పక్కపక్క ప్యాడ్‌ల మీద వేసి లాగ్2 తేడా (సిగ్నల్ ఎన్నిసార్లు రెట్టింపయిందో) చూడండి. రెండోసారి సోకినవారిలో ఇప్పటి సీరోటైప్ కంటే పాతదాని మీదే ఐజీజీ ఎక్కువ లేవవచ్చు, ఎందుకంటే ముందు స్పందించేది పాత మెమరీ బీ కణాలే (మునుపటి సోకును గుర్తుంచుకుని యాంటీబాడీలు చేసేవి). కాబట్టి అన్నిటికంటే ప్రకాశవంతమైన స్పాట్ పేరే రిపోర్టులో రాయకండి. ఇప్పటి సీరోటైప్ పేరు కావాలంటే మొదటి 5 రోజుల్లో తీసిన శాంపిల్‌లో ఆర్‌టీ-పీసీఆర్ చేసి, అర్రే ఫలితాన్ని దాని పక్కన పెట్టి చదవండి.