కొత్త మేనేజర్లకి కంపెనీ పెట్టే కోచింగ్ వల్ల ఉపయోగం ఉందా, డబ్బు దండగా?

మీ కంపెనీలో కొత్త మేనేజర్లందరికీ ఆరు నెలల కోచింగ్, అంటే ఒక్కొక్కరు కోచ్‌తో విడిగా కూర్చుని మాట్లాడే సెషన్లు, అంటున్నారని రాశారు. ఆ "అందరికీ" అన్న చోటే నాకు అనుమానం. పని బాగా తెలిసి, ఏదో ఒక అలవాటు దగ్గర ఆగిపోయిన మనిషికి కోచింగ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. "లీడర్‌షిప్ మెరుగుపడాలి" అని ఫారం నింపి పంపితే మాత్రం ఆరు నెలలూ కబుర్లతో గడిచిపోతాయి.

మాదాపూర్‌లో ఏ ఐటీ ఆఫీసులోనైనా కనిపించే మనిషినే తీసుకోండి. కోడ్ బాగా రాస్తాడని టీమ్ లీడ్‌ని చేశారు. కింద తొమ్మిది మంది. వాళ్లు రాసిన కోడ్‌కి ప్రతి రివ్యూ తనే చేస్తాడు. క్లయింట్ కాల్‌లో జూనియర్‌ని ఏదైనా అడిగితే, ఆ పిల్లాడు మ్యూట్ తీసేలోపే ఈయన జవాబు చెప్పేస్తాడు. రాత్రి పదకొండైనా ల్యాప్‌టాప్ మూయడు. "ఎలాగూ ఆయన చూసుకుంటాడులే" అని టీమ్‌కి ధీమా. ఇతన్ని రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపితే, పని ఎలా అప్పగించాలో యాభై స్లైడ్లు చూసి వస్తాడు. అప్పగించాలని అతనికి తెలియకనా?

మంచి కోచ్ సలహా ఇవ్వడు. "కిందటి వారం మీరు చేసిన రివ్యూల్లో, మీరు చూడకపోయినా కొంప మునగనివి ఎన్ని?" అని అడుగుతాడు. అతను లిస్టు తెరిచి లెక్కపెడతాడు. పద్నాలుగులో పదకొండు. "మరి ఆ పదకొండూ ఎందుకు చూశారు?" దీనికి వెంటనే జవాబు రాదు. చేతకాని కోచ్ ఇక్కడే కంగారుపడి మాట అందిస్తాడు, తెలిసినవాడు ఊరుకుంటాడు. కాసేపటికి "ఏదైనా తేడా వస్తే మా మేనేజర్ నన్నే అంటాడండీ" అని బయటికొస్తుంది. ఇక మాట్లాడాల్సింది దాని గురించే.

చివరి పది నిమిషాల్లో, రాబోయే రెండు వారాలు ఏం చెయ్యాలో తేలుస్తారు. పేమెంట్ మాడ్యూల్ రివ్యూలు మాత్రం తను చూస్తాడు, మిగతావి ఇద్దరు సీనియర్లకి. జూనియర్‌ని అడిగిన ప్రశ్నకి మనసులో పది అంకెలు లెక్కపెట్టాకే తను నోరు విప్పాలి. మొదటి కాల్‌లో నాలుగు దగ్గరే ఆగలేక మాట్లాడేస్తాడు. పర్వాలేదు, వచ్చే సెషన్‌కి అదే సరుకు.

సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రెండు వారాలు ఉండాలి. వారానికొకటైతే ప్రయత్నించే టైమ్ ఉండదు, నెలకొకటైతే ఏం అనుకున్నామో మర్చిపోతారు. గంట చొప్పున ఎనిమిది నుంచి పది చాలు. ఫలితం కొలవడానికి కోచింగ్ తీసుకున్నాయనతో "బాగుందండీ" అనిపించే ఫీడ్‌బ్యాక్ ఫారం పనికిరాదు. ఆయన చుట్టూ ఉన్న ఆరేడుగురిని మూడో నెలలో, చివర్లో అవే రెండు ప్రశ్నలు అడగాలి: ఏది మారింది, ఏది మారలేదు.

చెడిపోయేది ఎక్కువగా కోచ్ వల్ల కాదు. లీడ్ పని అప్పగించడం మొదలుపెట్టగానే, పైనున్న మేనేజర్ రాత్రి ఫోన్ చేసి "ఆ బగ్ నువ్వే చూశావా?" అంటాడు. అంతే, కథ మొదటికి. అందుకే మేనేజర్ తన వైపు నుంచి ఏం మానేస్తాడో కూడా కోచింగ్ ఒప్పందంలో రాయించాలి. పిప్‌లో (పనితీరు బాగోలేదని, గడువులోగా మెరుగుపడాలని ఇచ్చే ప్లాన్‌లో) పెట్టిన మనిషికి కోచ్‌ని ఇవ్వడం ఇంకో తప్పు, ఉద్యోగం పోతుందన్న భయంతో ఉన్నవాడు మనసు విప్పడు. తొమ్మిది మంది పని ఆరుగురితో చేయిస్తున్న చోట కోచింగ్ అనడమైతే దగా, అక్కడ కావాల్సింది మనుషులు. ఇక మార్చిలో బడ్జెట్ మిగిలిందని హడావిడిగా పెట్టేవి, రిసార్ట్‌కి తీసుకెళ్లి బెలూన్లు ఊదించి లింక్డ్‌ఇన్‌లో ఫొటోలు పెట్టేవి వేరే రకం, వాటి జోలికి పోను.

కోచ్‌ల్లోనూ తాలు ఎక్కువే. రెండు రోజుల కోర్సు చేసి "లైఫ్ అండ్ ఎగ్జిక్యూటివ్ కోచ్" అని బోర్డు పెట్టేస్తున్నారు. ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) గుర్తింపు అడగండి. అందులో మూడు మెట్లు. మొదటిదైన ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. పీసీసీకి 125, 500. ఎంసీసీకి 200, 2500. మేనేజర్ స్థాయికి పీసీసీ చాలు. గుర్తింపు ఉన్నంత మాత్రాన మీకు కుదురుతారని కాదు, ఇద్దరు ముగ్గురితో అరగంట చొప్పున మాట్లాడి చూడండి. ఆ అరగంటలో సగానికి మించి ఆయనే మాట్లాడితే వద్దనేయండి. లక్ష్యం, ఇప్పటి పరిస్థితి, ఉన్న దారులు, చెయ్యబోయేది అని వరసగా అడిగే గ్రో కోచింగ్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జాన్ విట్‌మోర్ ఒకప్పుడు కార్ రేసర్. కాబట్టి మీ రంగంలో అనుభవం లేదని ఎవరినీ తీసిపారేయకండి.

అందరికీ బయటి కోచ్‌ని పెట్టే కన్నా మేనేజర్లకే ఇలా అడగడం నేర్పించడం చవక. గూగుల్ 2008లో మంచి మేనేజర్లు ఏం చేస్తారో తన సొంత లెక్కల్లోంచే వెతికితే, జాబితాలో మొదట వచ్చింది మంచి కోచ్‌గా ఉండటమే.

మీ వరకు, మొదలయ్యే ముందు మీరు, మీ మేనేజర్, హెచ్‌ఆర్, కోచ్ కలిసి ఒకసారి కూర్చోండి. హెచ్‌ఆర్‌కి వెళ్లేది రెండే అని మెయిల్‌లో రాయించుకోండి: ఎన్ని సెషన్లకి వచ్చారు, లక్ష్యం ఏమిటి. లోపల మాట్లాడింది అప్రైజల్‌లోకి రాకూడదు. "అవన్నీ తర్వాత చూద్దాం" అంటే, ఆ మెయిల్ వచ్చేదాకా మొదటి సెషన్‌కి డేట్ ఇవ్వకండి.