ఆసుపత్రిలో మంచం మీదున్న నాన్నకి బెడ్‌సోర్ రాకుండా ఏం చేయాలి?

వైజాగ్‌లో వార్డులో ఉన్న మీ నాన్నగారికి నడుము కింద ఎర్రబడిందని, నర్సులు పట్టించుకోవట్లేదని రాశారు. ఆ ఎరుపుని వేలితో నొక్కి వదలండి, తెల్లబడకుండా అలాగే ఉంటే బెడ్‌సోర్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు, మొదలైనట్టే. అక్కడ మసాజ్ వద్దు, లోపల ఇంకా దెబ్బతింటుంది. నర్సు సాయంతో సుమారు 2 గంటలకోసారి తిప్పాలి, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు పెట్టండి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. మన ఉక్కపోతలో చెమటకి, తడి డైపర్‌కి చర్మం నానిపోతుంది, వెంటనే మార్చండి.

మా అమ్మ విషయంలో ఆసుపత్రి వాళ్లు "రేపు చూద్దాం" అంటే ఊరుకున్నాం, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు ఆగకండి. తిప్పిన టైమ్ రాసుకుని, రోజూ ఫోటో తీసి, నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.