దేశాల మధ్య అసమానతలపై పరిశోధన: ప్రొఫెసర్ కావాలంటే దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్థికశాస్త్రంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. కొన్ని దేశాలు సంపన్నం కావడానికి, మరికొన్ని వెనకబడటానికి కారణాలపై పరిశోధన చేసి ప్రొఫెసర్ కావాలనుకుంటోంది. దీనికి ఎన్నేళ్లు పడుతుంది? చివరికి స్థిరమైన ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది ఆర్థికశాస్త్రంలో ఎన్నటికీ పాతబడని ప్రశ్న. రాబర్ట్ సోలో 1956లో వృద్ధి నమూనాను ప్రతిపాదించిన నాటి నుంచి, దేశాల సంపదకు అక్కడి వ్యవస్థలతో ఉన్న సంబంధంపై పరిశోధనకుగాను ఎసిమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లు 2024లో నోబెల్ అందుకునే దాకా, ఎందరో దీనిపైనే పనిచేశారు. అయితే ప్రశ్నపై మక్కువ ఉండటం వేరు, దానికోసం రోజూ చేయవలసిన పనిని ఇష్టపడటం వేరు. ఈ రెండోదాన్ని ఇప్పుడే పరీక్షించుకోవచ్చు.

దేశాల తలసరి ఆదాయం, జనాభా వివరాలున్న పెన్ వరల్డ్ టేబుల్ ఉచితంగా దొరుకుతుంది. దాని నుంచి 1980, 2000 సంవత్సరాలకు గిని సూచికను, అంటే అసమానత ఎంత ఉందో ఒక్క అంకెలో చెప్పే కొలమానాన్ని, రెండు విధాలుగా లెక్కించమనండి. చిన్నదైనా పెద్దదైనా ప్రతి దేశాన్నీ సమానంగా తీసుకుంటే అంతరాలు పెరిగినట్టు కనిపిస్తుంది. జనాభాను బట్టి ప్రాధాన్యమిస్తే తగ్గినట్టు కనిపిస్తుంది. చైనాను తీసేసి మళ్లీ లెక్కిస్తే ఆ తగ్గుదల చాలావరకు మాయమవుతుంది. ఇక దేశాలను కాక ప్రపంచంలోని వ్యక్తులందరినీ ఒకే వరుసలో నిలబెట్టి కొలవాలంటే కుటుంబ సర్వేలు కావాలి, వాటిలో అత్యంత ధనికుల ఆదాయం సరిగా నమోదు కాదు. ఈ చిక్కుముడులు ఆమెకు విసుగు పుట్టిస్తే ఆలోచించవలసిందే. ఎక్కడ తేడా వచ్చిందోనని రాత్రి పొద్దుపోయేదాకా వెతుకుతూ కూర్చుంటే మాత్రం, నా దృష్టిలో మార్కుల కన్నా అదే మంచి సూచన.

చదువు విషయంలో తరచూ జరిగే పొరపాటు గణితాన్ని నిర్లక్ష్యం చేయడం. పీహెచ్‌డీ మొదటి ఏడాది పాఠాల్లో పేద దేశాల ఊసు పెద్దగా ఉండదు, దాదాపు అంతా గణితమే. అందువల్ల లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, సంభావ్యత, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాకు గణాంక పద్ధతులను అన్వయించే శాస్త్రం) డిగ్రీలోనే పూర్తిచేయడం మేలు. డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్లయిన ఆర్, పైథాన్, స్టాటాలలో ఒక్కటైనా చేతికి అలవాటు కావాలి. డిగ్రీ తర్వాత ఒకటి రెండేళ్లు ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధన సహాయకురాలిగా చేయడం ఇప్పుడు మామూలైంది.

అమెరికాలో పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. మంచి విభాగాలు ఫీజు మాఫీ చేసి జీవనభృతి కూడా ఇస్తాయి కాబట్టి, సొంత ఖర్చుతో లేదా అప్పుచేసి చేరమనే ప్రవేశాన్ని వదులుకోవడమే మంచిదని నేను చెబుతాను. పట్టా చేతికొచ్చే ఏడాది ఉద్యోగాల వేట ప్రధానంగా ఒక్క పరిశోధన వ్యాసం మీద ఆధారపడి సాగుతుంది. సహాయ ఆచార్య పదవి దొరికినా, దాన్ని శాశ్వతం చేయాలా వద్దా అన్న నిర్ణయం సాధారణంగా ఆరేడేళ్ల తర్వాతే వస్తుంది, పేరున్న పత్రికలో ఒక్క వ్యాసం అచ్చు కావడానికే కొన్నేళ్లు పట్టవచ్చు. డిగ్రీ నుంచి లెక్కిస్తే దాదాపు పదిహేనేళ్ల ప్రయాణం ఇది, అయితే అందులో ఎక్కువ కాలం ఏదో ఒక ఆదాయం ఉంటుంది.

విశ్వవిద్యాలయంలో శాశ్వత ఉద్యోగానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఈ చదువు విశ్వవిద్యాలయానికే పరిమితం కాదు. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి, కేంద్ర బ్యాంకుల పరిశోధన విభాగాలు ఇలాంటివారిని తీసుకుంటాయి. ప్రపంచ అసమానతలపై ప్రసిద్ధుడైన బ్రాంకో మిలనోవిచ్ కూడా ఏళ్ల తరబడి ప్రపంచ బ్యాంకు పరిశోధన విభాగంలోనే పనిచేశారు.

పీహెచ్‌డీ దరఖాస్తుకు సాధారణంగా మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. క్లాసులో బాగా చదివిందని రాసే లేఖకు అక్కడ పెద్దగా విలువ ఉండదు. కనుక మూడో ఏడాది మొదలయ్యేలోగా ఒక అధ్యాపకుడి పరిశోధనలో, అది డేటా శుభ్రం చేసే పనైనా సరే, చోటు అడగమనండి.