మెస్‌లో సిమెంటు నేల జారుతుంటే టైల్స్ అక్కర్లేదు

చెన్నై వేళచ్చేరిలో మీ మెస్‌లో వంటగది నుంచి చేతులు కడిగే చోటు దాకా నేల తడిస్తే చాలు జారుతోందని, టైల్స్ వేయించాలా అని అడిగారు. అక్కర్లేదండీ. తాపీతో నున్నగా రుద్దిన సిమెంటు కాబట్టే ఈ గోల. పైపొరను యాసిడ్‌తో కాస్త గరుకు చేస్తే చాలు.

ముందు జిడ్డు వదిలించండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నూనె ఉన్నచోట యాసిడ్ పట్టదు. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) పోసి గట్టి బ్రష్‌తో రుద్ది కడగండి. ఆరాక నాలుగు నీటిచుక్కలు వేయండి. పూసల్లా నిలబడితే ఇంకా జిడ్డో, పాత సీలరో (నీరు ఇంకకుండా పూసిన పూత) ఉన్నట్టు. సీలరైతే గ్రైండర్ పట్టించాల్సిందే.

పది పాళ్ల నీళ్లకు ఒక పాలు మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం). నీళ్లలో యాసిడ్ పోయాలి, తిరగేసి పోస్తే మీదకి చిమ్ముతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, కిటికీలన్నీ తెరవండి, స్టీలు గిన్నెలు బయట పెట్టించండి. ఈ నీళ్లు నేలమీద పోశాక వచ్చే నురుగు ఆగాక వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడగండి. తడిమితే సన్న ఎమిరీ పేపర్‌లా తగలాలి.

జనం ఎక్కువ నడిచే దారికి దీనిపైన ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ పూత) వేసి, పచ్చిగా ఉండగానే సన్న సిలికా ఇసుక చల్లించి, పైన పలచగా ఇంకో కోటు వేయించండి. ముతక ఇసుక వద్దు, మాప్ చిరుగుతుంది, మురికి దిగదు. నవంబరు వానల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ముందురోజు ప్లాస్టిక్ షీటు ముక్కను నేలకు టేపుతో అంటించి, మర్నాడు కింద చెమ్మ కనిపిస్తే ఆగండి, ఎపాక్సీ ఊడొస్తుంది.