ఎండెక్కితే స్పార్క్ పోతున్న పద్మిని

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నెల్లూరు, ఉండేది చెన్నై అంబత్తూరులో. నాన్నగారి 1989 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు నా దగ్గరే ఉంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, అరగంట ట్రాఫిక్‌లో తిరిగితే మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది, 40 నిమిషాలు నీడలో పెడితే మళ్ళీ మామూలే. మెకానిక్ రెండుసార్లు ప్లగ్గులు మార్చి కొత్త కాయిల్ కూడా వేశాడు, ఇప్పుడది చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, పాయింట్లు నల్లబడ్డాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: తమ్ముడూ, ముందు ఇంకేమీ కొనకు. ఇలాంటి బండిని చల్లగా ఉన్నప్పుడు ఎంత చూసినా తప్పు దొరకదు, ఆగిపోయిన చోటే చూడాలి. బండిలో ఒక స్పేర్ ప్లగ్గు పెట్టుకో. ఆగగానే ఎక్కడా పెట్రోల్ కారట్లేదని చూసుకుని, ఇంజన్‌కున్న ఒక ప్లగ్గు వైరు ఊడదీసి ఈ స్పేర్ ప్లగ్గుకి తగిలించి, దాని ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించు, వైరు మాత్రం చేత్తో పట్టుకోకు. టప్ టప్‌మని నీలంగా కొడితే స్పార్క్ బాగున్నట్టే, అప్పుడు పెట్రోల్ వైపు చూడాలి. సన్నగా పసుపుగా వస్తే కింద చెప్పినవి చెయ్యి.

నాకు మొదటి అనుమానం ఆ కొత్త కాయిల్ మీదే, ప్లగ్గుకి కావాల్సిన వేల వోల్టులు పుట్టించేది అదే కదా. పద్మిని లాంటి పాయింట్ల బండికి (పాయింట్లంటే కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్చు) మామూలుగా 3 ఓమ్స్ కాయిల్ ఉండాలి, షాపులో అచ్చం అలాగే కనపడే 1.5 ఓమ్స్ కాయిల్ కూడా ఉంటుంది, అది బయట రెసిస్టర్ ఉన్న బళ్ళకి. 12 వోల్టులకి 3 ఓమ్స్ అయితే 4 ఆంప్స్, 1.5 అయితే ఏకంగా 8, కాయిల్ కాలక, పాయింట్లు మాడక ఏమవుతాయి చెప్పు! వైర్లు తీసి రెండు చిన్న టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్ పెట్టు, అంతకుముందు మీటర్ పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో అది తీసెయ్యాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

కానీ కాయిల్ మార్చకముందే ఆగేది కదా, అంటే అసలు జబ్బు వేరే. అది చాలావరకు కండెన్సరే అయ్యుంటుంది. పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు ఆ సందులోంచి దూకకుండా కండెన్సర్ మింగేస్తుంది, అందుకే కాయిల్లో అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలి వేల వోల్టులు పుడతాయి. అది వేడికి చచ్చిపోతే ఆ కరెంటంతా పాయింట్ల దగ్గరే మెరుపులై పోతుంది, ప్లగ్గుకి మిగిలేది ఏమీ ఉండదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది, పాయింట్లు ఉండేదీ అందులోనే) క్యాప్ తీసి సెల్ఫ్ కొట్టిస్తే పాయింట్ల దగ్గర పెద్ద నీలి మెరుపులు కనపడ్డాయంటే అదే. కండెన్సర్ మీ చెన్నైలోనే పుదుపేట స్పేర్ పార్టుల బజారులో దొరుకుతుంది, పాతది తీసుకెళ్ళి పోల్చి తెచ్చుకో. పాయింట్లు కూడా కొత్తవి వేసి, వాటిని తెరిచే క్యామ్ మొన మీద ఉన్నప్పుడు సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెట్టు.

ఇంకొకటి, ఇది ఎవరూ చూడరు. పాయింట్లు మూసుకుని ఉండగా కీ ఆన్ చేసి, కాయిల్‌కి పాయింట్ల వైరు వచ్చే టెర్మినల్‌కి బాడీకి మధ్య వోల్టు కొలువు, దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు వచ్చినా పాయింట్లు మురికన్నా అయ్యుండాలి, డిస్ట్రిబ్యూటర్ లోపలి ఎర్త్ వైరన్నా తెగుండాలి. అది జానెడు కూడా ఉండదు, పైకి బాగానే ఉండి తొడుగు లోపల పోగులు తెగి ఉంటాయి, వేలితో మెల్లగా వంచి చూడు. రెండో టెర్మినల్ దగ్గర బ్యాటరీ వోల్టేజే రావాలి, 9 చూపిస్తే కీ స్విచ్చో, తుప్పు పట్టిన కనెక్షనో తినేస్తున్నట్టు. కొలిచాక కీ వెంటనే ఆఫ్ చెయ్యి, అలా వదిలేస్తే కాయిల్ ఊరికే కాలిపోతుంది.

మెకానిక్ తీసేసిన పాత కాయిల్ పారెయ్యలేదు కదా? దాన్నీ కొలువు. 3 ఓమ్స్ దగ్గర ఉంటే కండెన్సర్ మార్చాక దాన్నే తిరిగి బిగించి, ఎండలో ఓ గంట తిప్పి చూడు.